ఊరు గ్రేటర్‌లో కలిసింది, పొలం ఇప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఊరు. 2024లో మా పంచాయతీని పక్క మున్సిపాలిటీలో కలిపారు. 2025 డిసెంబర్‌లో ఆ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. పాత గ్రేటర్ హద్దు మా ఊరికి నాలుగైదు కిలోమీటర్లే. నాన్న 1988లో కొన్న రెండెకరాల పొలం ఉంది. ఆయన 2012లో వీలునామా రాయకుండానే పోయారు. పాస్‌బుక్ నా పేరు మీదికి మారింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది, చెల్లెలికి పెళ్లయిపోయింది. ఎకరం కోటిన్నరకి అడుగుతున్నారు. అందులో 40 శాతం చెక్కు, మిగతాది నగదు ఇస్తామంటున్నారు. ఎలాగూ అమ్మేదే కదా అని పోయిన వానాకాలం నుంచి బీడు పెట్టాను. పన్నులు పెరగకముందే అమ్మేయమని మధ్యవర్తి తొందర పెడుతున్నాడు. ఆగితే మూడింతలవుతుందని మా బావమరిది అంటున్నాడు. పంచాయతీగా ఉన్నప్పుడే అమ్మి ఉంటే పైసా పన్ను ఉండేది కాదని ఊళ్లో అందరూ అంటుంటే నిద్ర పట్టడం లేదు. బంగారం మీద 6 లక్షల అప్పుంది. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్లి, 15 లక్షలన్నా కావాలి. నా వయసు 56. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ నిద్ర సంగతి. పంచాయతీగా ఉన్నప్పుడు అమ్మి ఉంటే పన్ను ఉండేది కాదన్న మాట మీ విషయంలో నిజం కాదు. ఆ బాధ మనసులోంచి తీసేయండి.

పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే ఆదాయపు పన్ను లేదన్నది నిజమే. అయితే ఏది పల్లె అన్నది పంచాయతీ బోర్డును బట్టి తేలదు. 10 వేలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీ లోపలి భూమిని పన్ను చట్టం పట్టణ భూమిగానే చూస్తుంది. హద్దు బయట కూడా కొంత దూరం వరకు అంతే. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. ఈ దూరాన్ని రోడ్డు వెంట కొలవరు, మ్యాప్ మీద గీత గీసినట్టు సూటిగా కొలుస్తారు. జనాభాకి లెక్క, ప్రచురించిన చివరి జనగణన. 2011 లెక్కల్లోనే హైదరాబాద్ నగరపాలక సంస్థ జనాభా 67 లక్షలు దాటింది. మీ పొలం పాత హద్దుకి నాలుగైదు కిలోమీటర్లు అన్నారు. అంటే మీది పంచాయతీగా ఉన్న రోజుల్లోనే పన్ను పరిధిలో ఉంది. అప్పుడు అమ్మి పన్ను కట్టని వాళ్లకి నోటీసు రాకపోయి ఉండొచ్చు, అంతమాత్రాన అది పన్ను లేని భూమి అయిపోదు.

విలీనం వల్ల నిజంగా దెబ్బ తగిలేది మీకు కాదు, మీకు అవతల ఉన్న ఊళ్లకి. నిన్నటిదాకా ఒక చిన్న మున్సిపాలిటీకి 3 కిలోమీటర్ల దూరంలో, పాత గ్రేటర్‌కి చాలా దూరంగా ఉన్న పొలానికి పన్ను లేదు. ఆ మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలవగానే కొలత మొదలయ్యే హద్దు ముందుకు జరిగింది, 2 కిలోమీటర్ల పరిధి 8 అయింది. ఆ ఊరు ఇంకా పంచాయతీయే. సర్పంచ్ ఉంటాడు, గ్రామసభ జరుగుతుంది, అయినా అక్కడి పొలం అమ్మితే పన్ను పడుతుంది. మీ అత్తగారి వైపో, వియ్యంకుల వైపో ఔటర్ అవతల పొలాలున్న వాళ్లుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి. పరిపాలన కోసం మహానగరాన్ని ఎన్ని కార్పొరేషన్లుగా విడదీసినా ఈ లెక్కలో పెద్దగా తేడా రాదు.

ఇక మధ్యవర్తి చెప్పే పన్నుల భయం. ఇంటి పన్ను పంచాయతీలో కట్టినంత తక్కువ ఉండకపోవచ్చు. ఖాళీ స్థలం పన్ను అనేది కూడా ఒకటుంది. కానీ పూర్తిగా సాగులో ఉన్న భూమి మీద అది పడదు. అందుకే మీరు పొలం బీడు పెట్టడం నాకు బాధ కలిగించింది. పంట పోయిందన్నది ఒక్కటే కాదు, దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. పాత ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54బి అని ఒకటుండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గానీ, వెసులుబాటు ఉంది. పట్టణ పరిధిలోని పొలం అమ్మి, రెండేళ్లలోపు ఇంకోచోట పొలం కొంటే, కొన్నంత మేరకు లాభం మీద పన్ను ఉండదు. షరతు ఏమిటంటే, అమ్మడానికి ముందు రెండేళ్లూ ఆ భూమిని మీరు గానీ మీ అమ్మానాన్నలు గానీ సాగు చేసి ఉండాలి. ఏడాది బీడు పెట్టి అమ్మితే ఈ వెసులుబాటు అడగడం కష్టం. వచ్చే తొలకరికే దున్నించండి. జొన్నయినా సరే, ఆకుకూరలైనా సరే. విత్తనాల బిల్లు, ఎరువుల బిల్లు, మార్కెట్‌లో అమ్మిన చీటీ అన్నీ ఒక కవర్‌లో పెట్టండి. రెవెన్యూ రికార్డులో పంట నమోదు చేయించండి.

మీ బావమరిది మాట కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. ఊరు గ్రేటర్‌లో కలిసిందంటే పాలన మారిందని అర్థం, అంతే. మీ పొలంలో ఇళ్లు కట్టొచ్చా లేదా అన్నది హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మాస్టర్ ప్లాన్‌లో దాని జోన్‌ను బట్టి ఉంటుంది. విలీనంతో ఆ జోన్ మారదు. నివాస జోన్‌లో ఉన్న పొలానికీ, పక్కనే కట్టడాలకు దాదాపు అనుమతి లేని కన్జర్వేషన్ జోన్‌లో ఉన్న పొలానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. మీ సర్వే నంబర్‌కి హెచ్‌ఎండీఏ నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దు కూడా చూసుకోండి. చెరువుల్లోని ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక కొనేవాళ్లు మొదట అడిగేది అదే. ఈ రెండు కాగితాలు లేకుండా కోటిన్నర తక్కువో ఎక్కువో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

సదుపాయాల మాటకొస్తే, 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ చేసినప్పుడు కూడా ఇలాగే ఆశపడ్డాం. మంచినీళ్ల పైపు, డ్రైనేజీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన శివారు కాలనీలు ఉన్నాయి. వస్తాయి, కానీ మీ అమ్మాయి పెళ్లి తేదీ చూసుకుని రావు. అందుకే ధర మూడింతలవుతుందన్న నమ్మకం మీద అప్పుల వడ్డీ కడుతూ కూర్చోవద్దంటాను.

మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. చెల్లెలికి పెళ్లయిపోయింది అన్నారు. పొలం నాన్న సొంత డబ్బుతో కొన్నది, ఆయన వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది అమ్మకి, మీకు, చెల్లెలికి సమానంగా మూడో వంతు. పెళ్లప్పుడు ఎంత బంగారం పెట్టినా ఆ హక్కు పోదు. పాస్‌బుక్ మీ పేరున మారినంత మాత్రాన మిగతా ఇద్దరి వాటా మీది కాదు. మా పెదనాన్న కుటుంబంలో ఇదే జరిగింది. అన్నదమ్ములు సంతకాలు పెట్టి అమ్మేశారు. నాలుగేళ్ల తర్వాత మా అత్త కోర్టుకి వెళ్లింది. కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడిగారు, ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. ఇప్పటికీ ఆ ఇంట్లో పండక్కి అందరూ ఒకచోట కూర్చోరు. మీరు ఈ వారమే చెల్లెలింటికి వెళ్లి, కూర్చుని మాట్లాడండి. తను వాటా తీసుకుంటే తన ఖాతాలోకే చెక్కు వెళ్లాలి. తనకు తానుగా వద్దంటే రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. మొహమాటంతో పెట్టిన సంతకం నాకొద్దని మీరే చెప్పండి.

ముగ్గురి పేరున అమ్మితే పన్నులోనూ మేలే, ఎవరి లాభం మీద వాళ్లకే లెక్క వేస్తారు. లెక్క ఇలా ఉంటుంది. నాన్న 2001కి ముందు కొన్నారు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అయితే ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కకు అది మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆ తేదీ నాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్ తీసుకోండి. ఉదాహరణకి ఎకరానికి 2 లక్షలు అనుకుందాం. రెండెకరాలూ 3 కోట్లకి అమ్మితే లాభం 2 కోట్ల 96 లక్షలు. దాని మీద 12.5 శాతం పన్ను, సర్‌చార్జీ, సెస్ అన్నీ కలిపి ముగ్గురికీ మొత్తం 40 లక్షలు దాటుతుంది. 2024 జులై 23కి ముందు వచ్చిన భూమికి ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసి 20 శాతం కట్టే దారి కూడా ఉంది. కానీ ధర ఇంతగా పెరిగిన పొలాలకి 12.5 శాతమే తక్కువ పడుతుంది.

అందుకే నా సలహా ఒక్క ఎకరం అమ్మమని. కోటిన్నరలో మీ వాటా 50 లక్షలు, లాభం సుమారు 49 లక్షలు. అందులో 20 లక్షలు ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెట్టండి, పెట్టినంత లాభం మీద పన్ను ఉండదు. వాటికి 5.25 శాతం వడ్డీ, అయిదేళ్ల వరకు తీయలేరు, వడ్డీ మీద పన్ను ఉంటుంది. వడ్డీ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ 56 ఏళ్ల వయసులో, చేతిలో మొదటిసారి ఇంత డబ్బు పడినప్పుడు, తీయలేకపోవడం కూడా ఒక రక్షణ. ఈ బాండ్లకి బీడు, సాగు అన్న తేడా లేదు, కాబట్టి బీడు పెట్టిన ఎకరాన్నే అమ్మినా ఇబ్బంది లేదు. మిగిలిన 29 లక్షల లాభం మీద మూడున్నర లక్షల దాకా పన్ను పడుతుంది. దాన్ని గడువులోపు ముందస్తు పన్నుగా కట్టేయండి. చేతిలో 26 లక్షల పైచిలుకు ఉంటుంది. బంగారం విడిపించండి, పెళ్లి చేయండి. ఇంకా అయిదు లక్షలు బ్యాంకులో ఉంటాయి, వాటిని పెళ్లి ఖర్చులో కలపవద్దు.

పన్ను మొత్తం ఎగ్గొట్టేలా ప్లాన్ చేయమని చాలామంది అడుగుతారు. మీరు 50 లక్షల దాకా బాండ్లలోనే పెట్టేస్తే పన్ను పడదు, కానీ పెళ్లికి మళ్లీ బంగారం కుదువ పెట్టాలి. మూడున్నర లక్షలు కట్టి ప్రశాంతంగా ఉండటమే నాకు మేలనిపిస్తుంది. రెండో ఎకరం రెండేళ్లు సాగు చేశాక అమ్మాలనిపిస్తే, అప్పుడు ఇంకా దూరంలో పొలం కొని 54బి వెసులుబాటు వాడుకోవచ్చు. ఇల్లు కొన్నా, కట్టుకున్నా మినహాయింపు ఉంది గానీ, అక్కడ లాభం ఒక్కటే పెడితే చాలదు, అమ్మిన సొమ్ము మొత్తం పెడితేనే పూర్తి మినహాయింపు.

నగదు మాట అసలు ఒప్పుకోవద్దు. భూమి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. కోటిన్నరలో 90 లక్షలు నగదు అంటే ఆ 90 లక్షలకీ మీ మెడ మీద కత్తి ఉన్నట్టే. ఆ డబ్బుతో బాండ్లు కొనలేరు, ఇల్లు కొన్నా ఎక్కడిదని అడుగుతారు, బ్యాంకులో వేయలేరు. పైగా రిజిస్ట్రేషన్ విలువ కాగితంలో రాసిన ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే, ప్రభుత్వ విలువ మీదే మీకు పన్ను లెక్క వేస్తారు. పూర్తి చెక్కు ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) కోసి ముగ్గురి పాన్‌ల మీద విడివిడిగా కట్టాలి. అది కూడా అగ్రిమెంట్‌లో రాయించండి. అడ్వాన్స్ ఇచ్చి ఆరు నెలలు, ఏడాది గడువు అడిగితే మూడు నెలలకు మించి ఇవ్వవద్దు. మీ అగ్రిమెంట్ చూపించి ఇంకొకరికి అమ్ముకోవడానికే చాలామంది ఆ గడువు అడుగుతారు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకి ఒక మాట. అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో భూమి ఇచ్చినవాళ్లకి, 2014 జూన్ 2 నాటికి ఆ భూమి తమదైతే, ప్రత్యేక పన్ను మినహాయింపు ఉంది. గ్రేటర్‌లో విలీనమైన ఊళ్లలో ప్రైవేటుగా అమ్మేవాళ్లకి అది వర్తించదు. రెండూ కలిపి చెప్పే మధ్యవర్తుల మాట వినకండి.

మీరు చేయాల్సిన పనుల్లో మొదటిది చెల్లెలింటికి వెళ్లడం, తర్వాత జోన్ సర్టిఫికెట్, ఆ తర్వాత 2001 విలువ. ఈ మూడూ చేతికొచ్చేదాకా మధ్యవర్తి ఫోన్ చేస్తే, ఇంట్లో మాట్లాడుకుంటున్నాం అని చెప్పి పెట్టేయండి.