వాకీటాకీలు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. మూడింటిలోనూ మొదటి పేజీలోనే ‘పది కిలోమీటర్ల రేంజి’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. గంగవరం దగ్గర మీ ఇనుప పనుల యార్డు ఈ కొస నుంచి ఆ కొసకు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు కదా! నీకు అసలు తెలియవలసిన సంగతి మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. గ్రైండింగ్ షెడ్డులో ఉన్నవాడు అన్నమాట క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి మొదటిసారే అర్థమవుతుందా? ముందు ఇది తేలాలి. ధర, రేంజి, ఛానళ్ల లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.

మోత అనగానే అందరూ వినేవాడి చెవి గురించే ఆలోచిస్తారు. స్పీకరు గట్టిగా మోగే సెట్టు ఇవ్వండి అంటారు. అసలు చిక్కు మాట్లాడేవాడి నోటి దగ్గర ఉంది. గ్రైండర్ పక్కన నిలబడి బటన్ నొక్కితే మైకులోకి అతని గొంతూ గ్రైండర్ రొదా కలిసే వెళతాయి. అవతలివాడు వాల్యూమ్ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, మాట మాత్రం తేటపడదు. అందుకని చేతిలో డబ్బు తక్కువగా ఉంటే సెట్టు మోడల్ ఒక మెట్టు తగ్గించు గాని మైకు దగ్గర పిసినారితనం చేయకు. పెదవి దాకా వచ్చే సన్నని కాడకు బిగించిన, చుట్టుపక్కల రొదను అణిచే మైకు, దానికి చెవులు పూర్తిగా మూసే కప్పులు, రెండూ ఒకటిగా ఉన్న హెడ్‌సెట్లు దొరుకుతాయి. షెడ్డులో పనిచేసేవాళ్లకు అవే ఇప్పించు. ఫ్యాక్టరీల నియమాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. గ్రైండింగ్, గౌజింగ్ (ఇనుమును కరిగించి గాడి తీయడం) జరిగేచోట 100 దాటడం మామూలే. ఆ రొదను మించి వినిపించాలని సెట్టును చెవికి ఆనించుకుని వాల్యూమ్ చివరిదాకా తిప్పే కుర్రాళ్లను నువ్వూ చూసే ఉంటావు. చెవులు పాడుచేసుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

గొంతుకు పట్టీలా కట్టుకునే మైకులు కూడా ఎవరో చూపిస్తారు. రొదను బాగానే ఆపుతాయి గాని మాట కాస్త ముద్దగా వస్తుంది. పైగా మే నెల ఉక్కలో మన విశాఖలో మెడకు పట్టీ బిగించుకుని సాయంత్రం దాకా ఉండే మనిషిని నేను చూడలేదు. బటన్ నొక్కకుండా గొంతు వినగానే దానంతట అదే మొదలయ్యే ‘వాక్స్’ సదుపాయం గురించి కూడా ఘనంగా చెబుతారు. ఆఫీసులో అది ముచ్చటగా ఉంటుంది. షెడ్డులో మాత్రం ప్రతి సుత్తి దెబ్బకూ అదే మొదలవుతుంది, ఛానల్ మొత్తం ఆ దెబ్బలతోనే నిండిపోతుంది. దాన్ని ఆపించి, ఛాతీ మీద తగిలించుకునే మైకుకు పెద్ద బటన్ ఉండేలా చూడు. తోలు గ్లోవ్ తొడుక్కున్న బొటనవేలికి ఆ బటన్ తడిమితే దొరకాలి.

అమ్మకానికి వచ్చినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని పక్క గదిలోని మనిషితో మాట్లాడి చూపిస్తారు. అక్కడ ఏ సెట్టయినా బాగానే పలుకుతుంది. వచ్చినాయనకు మర్యాదగా టీ ఇప్పించి, హెల్మెట్ పెట్టించి, పని జోరుగా నడిచే వేళ షెడ్డులోకి తీసుకుపో. క్రేన్‌కు బరువులు కట్టే మీ రిగ్గర్ చేతికి ఒక చీటీ ఇవ్వు. అందులో రోజూ వాడే మాటలే ఉండాలి: అంకెలు, దిక్కులు, ఎత్తు, దించు, ఆపు. అతను చదువుతుంటే క్రేన్ దగ్గర ఉన్నవాడు విన్నది విన్నట్టు రాయాలి. తర్వాత రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసుకో. చదివేవాళ్లలో మీ శ్రీకాకుళం కుర్రాడూ ఉండాలి, ఒడిశా నుంచి వచ్చిన ఫిట్టరూ ఉండాలి. అమ్మేవాళ్ల మనిషి చేత మాత్రం చదివించకు, ఆయన గొంతు ఆ సెట్టుకు అలవాటు పడి ఉంటుంది.

తరంగాల విషయానికి వస్తే, మీకు యూహెచ్ఎఫ్, అంటే పొట్టి తరంగాల సెట్లు తీసుకో; పొడవు తరంగాలవి వీహెచ్ఎఫ్. నేల మీది వీహెచ్ఎఫ్ సెట్లు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, యూహెచ్ఎఫ్ సాధారణంగా 400 నుంచి 470 మధ్య. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్లు, 450 దగ్గర దాదాపు 67 సెంటీమీటర్లు. పొట్టి తరంగం షెడ్డు తలుపుల్లోంచి, కంటైనర్ల మధ్య సందుల్లోంచి, ప్లేట్ల గుట్టల పక్కనుంచి మెరుగ్గా దూరుతుంది. పొలాలు, తోటలు, చదునైన మైదానాలు అయితే వీహెచ్ఎఫ్ నయం. రేవులో ఓడలవాళ్ల చేతుల్లో వీహెచ్ఎఫ్ చూసి మనకూ అదే కావాలని మీ స్టోర్స్ మనిషి అన్నాడని రాశావు. అవి సముద్రయానానికి కేటాయించిన ఛానళ్లు, అందులో 16వది ఆపదలో పిలవడానికి. వాటి మీద యార్డు కబుర్లు చెప్పుకోకూడదు.

పది కిలోమీటర్ల మాట నిజంగా అబద్ధమేమీ కాదు. మనిషి ఎత్తులో ఉన్న రెండు యాంటెన్నాల మధ్య ఏ అడ్డూ లేకపోతే లెక్క ప్రకారం దాదాపు అంత దూరం వస్తుంది. ఇనుము మధ్య ఆ లెక్క చెల్లదు. వాట్లు, అంటే సెట్టు శక్తి, రెట్టింపు చేసినా సిగ్నల్ బలంలో దక్కేది మూడు డెసిబెల్సే, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఇవతల రేవులో ఉన్నవాడు అవతల యారాడలో ఉన్నవాడితో చేతి సెట్టుతో మాట్లాడాలని ఎన్ని వాట్లు పెంచినా కొండ పక్కకు తప్పుకోదు. యాంటెన్నాను ఎత్తుకు చేర్చడమే ఉపాయం. మీ నీళ్ల ట్యాంకు మీద రిపీటర్ యాంటెన్నా బిగిస్తే ఒక మూల నుంచి వచ్చిన మాటను అది అందుకుని మిగిలిన మూలలన్నిటికీ తిరిగి పంపుతుంది. అయితే రిపీటర్ కొనే ముందు యార్డు అంతా నడవండి. లేఅవుట్ కాగితం పట్టుకుని ఇద్దరు మనుషులు తిరగాలి. పెయింటింగ్ బూత్ లోపల, ప్లేట్ల వరుసల వెనక, కేబుల్ గుంటలో, కాంటా గది దగ్గర ఆగి మాట్లాడి, వినబడనిచోట ఎర్ర గీత పెట్టాలి. యార్డు నిండా సరుకు ఉన్న రోజునే నడవాలి. ఖాళీ యార్డు అందరికీ బాగానే వినిపిస్తుంది.

అనలాగా, డిజిటలా అని అడిగావు. మీకు డిజిటలే మేలు, ముఖ్యంగా డీఎంఆర్ పద్ధతి. అది యూరప్ ప్రమాణాల సంస్థ 2005లో మొదట ప్రచురించిన పద్ధతి. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో కాలాన్ని రెండు వంతులుగా కోసి, ఒకే రిపీటర్ మీద ఒకేసారి రెండు సంభాషణలు నడుపుతుంది. కాని డిజిటల్‌లో రెండు గుణాలు మనుషులకు ముందే చెప్పి ఉంచాలి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరుగుతుంది, వినేవాడు జాగ్రత్తపడతాడు. డిజిటల్ మాట చివరిదాకా శుభ్రంగా వచ్చి ఒక్కసారిగా తెగిపోతుంది. రెండోది, అది మనిషి గొంతు తీరును పోల్చుకుని మాటను కుదించి పంపుతుంది కాబట్టి మైకులోకి రొద ఎక్కువగా పడితే మాట వింతగా నలుగుతుంది. అందుకే మళ్లీ మైకు దగ్గరికే వస్తున్నాను. అనలాగ్, డిజిటల్ రెండూ నడిచే సెట్లు తీసుకుంటే మీ దగ్గరున్న పాతవి ఒక్కరోజులో పారేయనక్కర్లేదు.

‘ప్రైవసీ కోడ్’ ఉంది, మన మాట ఎవరికీ వినబడదని ఎవరైనా అంటే నమ్మకు. ఆ కోడ్ చేసే పనల్లా ఇతరుల మాట నీ స్పీకరులో మోగకుండా ఆపడం. నీ మాట అదే ఛానల్‌లో ఉన్న ఎవరైనా వినగలరు.

క్రేన్ సంగతి మాత్రం నిదానంగా చదువు. క్రేన్‌కు ప్రత్యేకంగా ఒక ఛానల్ ఉండాలి, అందులో ఆపరేటరూ సిగ్నల్‌మనూ తప్ప ఇంకెవరూ ఉండకూడదు. స్టోర్స్‌వాళ్లు బోల్టుల లెక్క అడిగే ఛానల్‌లో బరువు దించడం నడవకూడదు. బరువు కదులుతున్నంతసేపూ సిగ్నల్‌మన్ ఆపకుండా చెబుతూనే ఉండాలి: దించు, దించు, ఇంకో మీటరు, అర మీటరు. మాట ఆగిన క్షణంలో ఆపరేటర్ బరువు ఆపేయాలి. బ్యాటరీ అయిపోయినా, ఛానల్ తెగినా, మనిషి పడిపోయినా మౌనం అంటే ఆపమనే అర్థం. బటన్ నొక్కగానే మాట మొదలుపెడితే మొదటి అక్షరం పోతుంది, డిజిటల్‌లో ఇంకా ఎక్కువగా. నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నోరు విప్పమని కొత్తవాళ్లకు నేర్పించు. ఇంకొకటి, ఎవడో జీపులో కూర్చుంటే సీటుకు బటన్ నొక్కుకుపోయి ఛానల్ మొత్తం మూతపడుతుంది. ఒకే గుక్కలో ఒక నిమిషం దాటితే ప్రసారం దానంతట అదే ఆగేలా ప్రోగ్రామ్‌లో గడువు పెట్టించు.

మీవాళ్లు ఏటా రిఫైనరీ షట్‌డౌన్ పనికి వెళతారు కదా, అక్కడికి యార్డు సెట్లు పట్టుకుపోనివ్వకు. మండే ఆవిరి ఉండే జోన్లలో నిప్పురవ్వ పుట్టించనివని ధ్రువీకరించిన సెట్లే వాడాలి. మన దేశంలో పేలుడు పదార్థాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం ఉందా, అది అక్కడి జోన్‌కూ వాయువు గ్రూపుకూ సరిపోతుందా అని చూడు. హైడ్రోజన్ ఉన్నచోట అన్నిటికన్నా కఠినమైన గ్రూపు వర్తిస్తుంది. ఆ ధ్రువీకరణ సెట్టు, బ్యాటరీ, మైకు కలిపిన జతకు ఇస్తారు. బజారులో దొరికిన డూప్లికేట్ బ్యాటరీ తగిలిస్తే కాగితం చెల్లదు. లోపల బ్యాటరీ మార్చకూడదు, బయటికి వచ్చి మార్చుకోవాలి. ఇలాంటి సెట్లలో చాలావాటి శక్తి ఒక వాటు దగ్గరే ఆగుతుంది కాబట్టి దూరం తగ్గుతుంది, అక్కడి రిపీటర్ వాడుకునే అనుమతి ముందే అడిగి పెట్టుకో. క్వారీ పనికి సెట్లు పంపే రోజు వస్తే, పేలుడు మందును అంటించే ఎలక్ట్రిక్ డిటొనేటర్లు ఉన్న చోటికి ఏ సెట్టూ పోకూడదు, రేడియో తరంగాలకే అవి పేలవచ్చు. పేల్చే పని చూసే బ్లాస్టర్ చెప్పిన దూరమే దూరం.

లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో చౌకగా వస్తున్నాయని మీ కాంట్రాక్టర్ ఆశపడుతున్నాడు. మన రేవు మొదలైన 1933లోనే వైర్‌లెస్ పరికరాలకు అనుమతి కావాలనే చట్టమూ వచ్చింది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో నడిచేవాటికి 2018 నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు గాని, వాటికీ ఈటీఏ ధ్రువపత్రం, అంటే ఆ రకం పరికరానికి ప్రభుత్వ ఆమోదం, ఉండాలి. మిగిలినవాటికి టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఫ్రీక్వెన్సీ కేటాయించాలి, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. ధ్రువపత్రం లేని వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాల మీద వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. లైసెన్స్ రావడానికి సమయం పడుతుంది, ఆర్డరు కన్నా ముందే దరఖాస్తు పెట్టు.

సిమ్ కార్డుతో నడిచే వాకీటాకీలు కూడా ఆ కొటేషన్లలో ఒకదానిలో ఉన్నాయి. లారీలు, టిప్పర్లు రోడ్డు మీద తిరిగేవాళ్లకు అవి బాగుంటాయి, రాయపూర్ దాకా వెళ్లినా మాట కలుస్తుంది. యార్డు భద్రతకు మాత్రం వాటిని నమ్ముకోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. సెల్ టవర్లు కూలి, కరెంటు పోయి, పక్క వీధికి ఫోను కలవక రోజుల తరబడి అవస్థపడ్డాం. నీ సొంత రిపీటర్, దాని కింద బ్యాటరీ బ్యాంకు ఉంటే అలాంటి రోజున కూడా మీ మనుషులు ఒకరినొకరు పిలుచుకోగలరు.

బ్యాటరీ గంటల లెక్క సాధారణంగా ఐదు శాతం మాట్లాడటం, ఐదు శాతం వినడం, తొంభై శాతం ఊరికే ఉండటం అన్న ఊహ మీద వేస్తారు. సిగ్నల్‌మన్ పని అలా ఉండదు, అతనికి రెండో బ్యాటరీ ఇచ్చి తీరాలి. ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదని, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష మంచినీటితో చేస్తారు, ఉప్పునీటి గాలి వేరు. మైకు తీగ దూర్చే రంధ్రానికి ఉన్న రబ్బరు మూత ఊడిపోతే ఆ అంకెకు విలువ ఉండదు, మొదట పోయేదీ ఆ మూతే. వారానికోసారి బ్యాటరీ కొనల పచ్చని చిలుమును స్పిరిట్ గుడ్డతో తుడిచే పని ఎవరిదో పేరు రాసి గోడకు అంటించు.

ఒప్పందంలో ఒక షరతు మరిచిపోకు. సెట్ల ప్రోగ్రామ్ ఫైలు, దాని కేబుల్, పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి. అవి ఇవ్వని సప్లయర్ తర్వాత ఒక్క ఛానల్ పేరు మార్చడానికి కూడా విడిగా బిల్లు వేస్తాడు, మీరు కట్టక తప్పదు.

ఈ వారం నడక ముగించి ఎర్ర గీతల కాగితం ఫోటో తీసి పంపు. రిపీటర్ కావాలా, ఒక్కటి చాలా అన్నది అది చూశాక చెబుతాను. అమ్మకు నా మాటగా కుశలం చెప్పు.

ఇట్లు
నీ మామయ్య