‘ఎర్రర్’ ఎవరిది? మనిషిదా, యంత్రానిదా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పదజాలంపై మా విభాగంలో 20 నిమిషాల సెమినార్ ఇవ్వాలి. ఎర్రర్, ఫాల్ట్, ఫెయిల్యూర్ నిర్వచనాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. 40 స్లయిడ్లు సిద్ధమయ్యాయి కానీ నాకే గందరగోళంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ గందరగోళం మీ అవగాహనలోది కాదు, ఆ పదాలలోనే ఉంది. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ 1990లో తెచ్చిన 610.12 పదకోశం ‘ఎర్రర్’ అన్న ఒక్క మాటకే నాలుగు అర్థాలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టర్లకు సర్టిఫికెట్లిచ్చే ఐఎస్‌టీక్యూబీ సంస్థ పదకోశంలో ఎర్రర్ అంటే మనిషి చేసే పొరపాటు. దానివల్ల ప్రోగ్రాములో డిఫెక్ట్ (ఫాల్ట్‌కే మరో పేరు, అంటే లోపం) చేరుతుంది, ఆ భాగం నడిచినప్పుడు ఫెయిల్యూర్, అంటే బయటికి కనిపించే వైఫల్యం, బయటపడవచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు అవిజియెనిస్, లాప్రీ, మరి ఇద్దరు కలిసి 2004లో ప్రచురించిన వ్యాసంలో మాత్రం ముందు ఫాల్ట్, ఆ తర్వాత ఎర్రర్, చివర ఫెయిల్యూర్; అక్కడ ఎర్రర్ అంటే నడుస్తున్న వ్యవస్థ లోపల ఏర్పడిన తప్పు స్థితి. మీ సెమినార్‌కు ఆయువుపట్టు ఈ తేడాయే కనుక, ప్రతి నిర్వచనం కిందా అది ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో తప్పక రాయండి.

నిర్వచనాల పట్టికలకు బదులు ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా నడిపించండి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో 12 ఏళ్ల వయసుతో సహా పిల్లలకు అర టికెట్ అన్నది నియమం అనుకుందాం. ప్రోగ్రామర్ దాన్ని ‘12 కంటే తక్కువ’ అని రాశారు. ఆ లోపం కోడ్‌లో ఎన్నాళ్లయినా నిద్రపోతుంది. పదేళ్ల పిల్లవాడికీ, పెద్దలకూ టికెట్ సరిగానే వస్తుంది. సరిగ్గా 12 ఏళ్ల పాప ఎక్కినప్పుడు లోపల పూర్తి ఛార్జీ లెక్క పడుతుంది. లాప్రీ బృందం ఎర్రర్ అన్నది ఈ స్థితినే. ఆ పాపకు ఉచిత ప్రయాణం వర్తించి జీరో టికెట్ వచ్చిందంటే, లోపలి లెక్క తప్పినా బయటికి ఫెయిల్యూర్ కనిపించదు. మూడు మాటలు ఎందుకు అవసరమయ్యాయో శ్రోతలకు ఇక్కడ తెలుస్తుంది. ఈ స్లయిడ్ దగ్గర తొందరపడకండి.

1947లో ఒక కంప్యూటర్‌లో చిమ్మట దొరికిందనీ, ‘బగ్’ అన్న మాట అలా పుట్టిందనీ చెప్పే కథ ఉంటే తీసేయండి. ఆ మాట అంతకు ముందే ఇంజినీర్ల వాడుకలో ఉంది. మొత్తం పన్నెండు స్లయిడ్లు చాలు.

ప్రశ్నల సమయానికి ఏరియాన్ 5 స్లయిడ్ ఒకటి విడిగా ఉంచుకోండి. 1996 జూన్ 4న ఆ ఐరోపా రాకెట్‌లో 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టక, ఎగిరిన కాసేపటికే అది పేలిపోయింది. దానికి ముందరి రాకెట్ ఏరియాన్ 4లో ఇబ్బంది పెట్టని కోడే అది. అలాంటప్పుడు లోపం కోడ్‌లో ఉన్నట్టా, దాన్ని మళ్లీ వాడిన నిర్ణయంలో ఉన్నట్టా అని ఎవరైనా అడిగితే, మీరు ఎంచుకున్న నిర్వచనం ప్రకారమే జవాబు చెప్పండి.