నాలుగో రోజు నొప్పి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తాను. సోమవారం కింద ఎడమవైపు జ్ఞానదంతం తీయించుకున్నాను. రెండు రోజులు వాపు ఉన్నా నొప్పి ఓర్చుకోగలిగాను. బుధవారం బాగానే ఉందని మిల్లుకి కూడా వెళ్లాను. గురువారం రాత్రి నుంచి ఒకటే సలుపు. చెవిలోకి, కణత దాకా పోట్లు వస్తున్నాయి. నోరు వాసన కొడుతోంది. మాత్ర వేసుకుంటే గంట సేపు తగ్గి మళ్లీ మొదలు. నరం ఏమైనా తెగిందా అని టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకోమంటున్నారు. చీము పడుతుందని పప్పు కూడా పెట్టడం లేదు. సిగరెట్ మానేశాను, బుధవారం ఒక్కటి మాత్రం తాగాను. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలా, ఓర్చుకోవాలా?
- పేరు వద్దు, తణుకు

జవాబు: వెళ్లండి. పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగే నొప్పి కాదు కాబట్టి ఈ ఒక్క ముక్క మీకు ముందే మెయిల్ చేశాను. మిగతాది మీకూ, ఇదే నొప్పితో అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చున్న మరికొందరికీ.

మీరు రాసినదాంట్లో నేను ఆగింది గురువారం దగ్గర. పన్ను తీసిన నొప్పి మత్తు దిగిన మొదట్లో ఎక్కువగా ఉండి, తర్వాత రోజురోజుకీ దిగాలి. దిగినట్టే దిగి మూడో రోజో నాలుగో రోజో మళ్లీ ఎక్కింది, చెవిలోకి పాకింది, నోరు వాసన వస్తోంది అంటే మేము ముందుగా అనుమానించేది 'డ్రై సాకెట్'.

పన్ను ఊడిన గుంతలో రక్తం గడ్డకట్టి, మగ్గిన నేరేడుపండు గుజ్జులా నల్లగా కూర్చుంటుంది. గాయానికి అదే కట్టు. కొత్త కండ దాని ఆసరాతోనే పెరుగుతుంది. ఆ గడ్డ కరిగిపోయినా, ఊడిపోయినా అడుగున ఎముక బయటపడుతుంది. మంచినీళ్లు తగిలినా జివ్వుమంటుంది. కింది జ్ఞానదంతాల దగ్గర ఇది ఎక్కువ. పొగ తాగేవాళ్లలో మరీ ఎక్కువ. మీరు 'ఒక్కటి మాత్రం' అన్నారు చూడండి, గుంతకి ఆ లెక్క తెలియదు. అలాగని తప్పంతా ఆ సిగరెట్ మీదకే నెట్టలేను. ఏ తప్పూ చేయనివాళ్లకూ వస్తుంది. గాయం మానేదాకా మాత్రం ఇంకొకటి ముట్టుకోవద్దు.

నాకూ వచ్చింది లెండి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పన్ను తీయించుకున్నాను. పొద్దుటి నుంచి పేషెంట్లందరికీ 'స్ట్రాతో ఏదీ పీల్చకండి' అని చెప్పి చెప్పి, సాయంత్రం కాలేజీ గేటు దగ్గర కొబ్బరి బోండం కొట్టించుకుని స్ట్రాతోనే తాగాను. మూడో రాత్రి దవడని దిండుకేసి నొక్కుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున మా సీనియర్ గుంత కడిగి డ్రెస్సింగ్ పెట్టింది. కాసేపటికి నొప్పి దిగిపోతుంటే కుర్చీలోనే నిద్ర ముంచుకొచ్చింది.

మీకు చేసేదీ అదే. గోరువెచ్చని సెలైన్‌తో గుంత కడిగి, మందు పట్టించిన చిన్న డ్రెస్సింగ్ లోపల సర్దుతారు. ఒకటి రెండు సార్లు మార్చాల్సి రావచ్చు. తీసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి, మొహమాటం వద్దు. ఇది ఆయన చేతి తప్పూ కాదు, మీరు తగాదాకి వచ్చారనీ అనుకోరు. మెడికల్ షాపులో 'ఇంకొంచెం పవర్ ఉన్న యాంటీబయాటిక్' మాత్రం అడక్కండి. ఈ నొప్పి ఎముక బయటపడినందుకు, యాంటీబయాటిక్ దానికి పనిచేయదు.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఆ డ్రెస్సింగ్‌లో చాలాసార్లు ఉండేది యూజినాల్, అంటే లవంగ నూనెలోని అసలు సరుకే. అయితే ఇంట్లో దూది తడిపి కుక్కితే నూనె చిగురుని కాలుస్తుంది. ఉడికినట్టు తెల్లబడిన బుగ్గతో వచ్చినవాళ్లని చూశాను. గుంతలో ఇరుక్కున్న దూది పోగుల్ని ఏరి తీయడం నాకూ వాళ్లకూ నరకమే.

మాత్రల సంగతి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా లేకపోతే, రక్తం పలచబడే మందులు వాడకపోతే, తిన్న తర్వాత ఐబుప్రొఫెన్ 400, దాంతోపాటు పారాసిటమాల్ బాగా పనిచేస్తాయి. పారాసిటమాల్ 650 అయితే రోజుకి నాలుగు మించొద్దు. మీకిచ్చిన మాత్ర వెనక ఒకసారి చదవండి. చాలావాటిలో రెండూ కలిపే ఉంటాయి. అది తెలియక విడిగా ఇంకో పారాసిటమాల్ వేసుకుంటారు.

నరం తెగితే మొదట తెలిసేది మొద్దుబారడం. గడ్డం గీసుకునేటప్పుడు కింది పెదవి, గడ్డం రెండు వైపులా ఒకేలా తెలుస్తున్నాయా? అయితే ఆ భయం పెట్టుకోకండి. చెవికీ కింది దవడకీ నరం ఒకే కొమ్మ నుంచి వస్తుంది, అందుకే పంటి నొప్పి చెవిలో పలుకుతుంది.

పప్పుకి చీము పట్టదు. ముద్దపప్పు, అన్నం మెత్తగా కలుపుకుని, చల్లారాక కుడివైపు నమలండి. ఆవాలు, నువ్వులు ఉన్నవి కొన్నాళ్లు పక్కన పెట్టండి, గుంతలోకి దూరతాయి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో మెల్లగా తిప్పి వదిలేయండి. గట్టిగా పుక్కిలించవద్దు, ఉమ్మొద్దు. జ్వరం వచ్చినా, వాపు మెడ వైపు దిగినా, మింగడం కష్టమైనా క్లినిక్ ఎప్పుడు తెరుస్తారా అని చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: దవడ పన్ను తీయించి మూడు వారాలైంది. నొప్పి లేదు కానీ చిగురులోంచి ముల్లులా ఏదో గుచ్చుకుంటోంది. పన్ను ముక్క వదిలేశారా?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: చాలామటుకు అది పన్ను కాదమ్మా, ఎముక రవ్వ. గుంత అంచున సన్నటి ముక్క విడిపోయి చిగురు దాటి బయటికొస్తుంది. ఒక్కోసారి దానంతటదే ఊడిపోతుంది. నాలుకతో కెలక్కండి. గుచ్చుకుంటూనే ఉంటే తీసినవాళ్లకే చూపించండి, పట్టకారుతో అర నిమిషం పని. మిగిలిపోయిన వేరేమో అన్న అనుమానం ఉంటే ఒక చిన్న ఎక్స్‌రేతో తేలిపోతుంది.