తిరుపతి ఎండల్లో 7700ఎక్స్ ప్రాసెసర్‌కు వాటర్ కూలింగ్: 240 చాలునా, 360 కావాలా?

మీది ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 7 7700ఎక్స్, గది మిద్దె మీద, ఏసీ లేదు, వీడియోలు రెండర్ చేసేటప్పుడు ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరుతోంది కనుక 360 మిల్లీమీటర్ల రేడియేటర్ (వేడెక్కిన నీటిని ఫ్యాన్ల గాలితో చల్లబరిచే రెక్కల పలక) ఉన్న వాటర్ కూలింగ్ కిట్ కొనాలా అని అడిగారు. బైరాగిపట్టెడలో మా ఇంటి పై అంతస్తులో ఇదే ప్రాసెసర్‌ను 240 మిల్లీమీటర్ల కిట్‌తో వాడుతున్నాను. నా ఉద్దేశంలో మీకు 360 అవసరం లేదు. 240 కూడా తప్పనిసరి కాదు.

ముందుగా ఆ 95 గురించి చెప్పాలి. ఈ తరం ప్రాసెసర్లను 2022లో విడుదల చేసినప్పుడే, బరువైన పనిలో 95 డిగ్రీల వరకు వెళ్లడం వాటి రూపకల్పనలో భాగమేనని ఏఎమ్‌డీ స్పష్టం చేసింది. చల్లదనానికి, విద్యుత్తుకు వీలున్నంత మేర వేగం పెంచుకుంటూ ఆ హద్దు దాకా పోవడం వాటి స్వభావం. బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) విద్యుత్తును తగ్గించే ఎకో మోడ్‌ను 65 వాట్లకు పెడితే (ఆ అంకె స్థాయికి పేరు మాత్రమే), ప్రాసెసర్ తీసుకునే గరిష్ఠ విద్యుత్తు 142 వాట్ల నుంచి 88 వాట్లకు దిగుతుంది, వేడి ఆ మేరకు తగ్గుతుంది, రెండరింగ్ మాత్రం కొద్దిగానే నెమ్మదిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను దీన్ని పెట్టే ఉంచుతాను. పైసా ఖర్చు లేని పని కాబట్టి కొనుగోలుకు ముందు ఇది చేసి చూడండి.

ఇక కిట్ విషయం. రేడియేటర్ మీదుగా పోయేది గదిలోని గాలే కాబట్టి, కూలర్ ఎంత ఖరీదైనదైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. డిసెంబరులో 24 డిగ్రీలుండే గది మే మధ్యాహ్నం 37కు చేరితే, ఎకో మోడ్‌లో అదే పనికి ప్రాసెసర్ ఉష్ణోగ్రత కూడా దాదాపు ఆ 13 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మా గదిలో ఏటా చూస్తున్నది ఇదే. పైగా కంప్యూటర్ తీసుకునే విద్యుత్తంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది, నీటితో చల్లబరచినా ఫ్యాన్‌తో చల్లబరచినా అందులో తేడా ఉండదు. సాయంత్రం కిటికీ తెరిచి, వేడిగాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి బిగించుకోవడం 240 నుంచి 360కి మారడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. (గదిలో వాడే నీళ్ల కూలర్ గాలిని నేరుగా కేబినెట్ వైపు తిప్పకండి, ఆ తేమతో దుమ్ము రేడియేటర్ రెక్కలకు అట్టకడుతుంది.)

ఈ ప్రాసెసర్‌కు మరో పరిమితి ఉంది. లెక్కలు చేసే ఎనిమిది కోర్లూ సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల చిన్న చిప్ మీద ఉండటం వల్ల, అంత చిన్న చోటు నుంచి వేడి పైనున్న లోహపు మూతకు చేరడమే కష్టమవుతుంది. అక్కడ ఆగిన వేడిని అవతలనున్న పెద్ద రేడియేటర్ లాగలేదు. అందుకే ఇదే తరంలో, రెండు చిప్‌లతో 230 వాట్ల దాకా తీసుకునే పెద్ద ప్రాసెసర్ 7950ఎక్స్‌కు 360 ఇచ్చినంత లాభం మీకు ఇవ్వదు. దాదాపు సగం ధరకు దొరికే రెండు టవర్ల (రెక్కల దొంతరల) ఎయిర్ కూలర్ కూడా మీ పనికి సరిపోతుంది, అందులో పాడయ్యే పంపు లేదు, ఇంకిపోయే నీరూ లేదు.

అయినా వాటర్ కిట్టే కావాలనుకుంటే, కేబినెట్‌ను టేపుతో కొలవకుండా డబ్బు కట్టకండి. చాలా కిట్లలో రేడియేటర్ సుమారు 27, ఫ్యాన్ 25, కలిపి 52 మిల్లీమీటర్ల మందం పైభాగంలో పట్టాలి, ఎత్తైన ర్యామ్ కడ్డీలకు తగలకూడదు. కేబినెట్ వివరాల్లో పైన 240 పడుతుందని రాసి ఉన్నా ఈ ర్యామ్ దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. ముందువైపు బిగించవలసి వస్తే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలి గాలి పంపులో చేరి గురగురమంటుంది, పంపు ఆయుష్షూ తగ్గుతుంది. ఏఎమ్5 సాకెట్‌కు (మదర్‌బోర్డు మీద ఈ ప్రాసెసర్ కూర్చునే చోటు) బిగింపు ఉందో లేదో పెట్టె మీద చూడండి. పంపు తీగను మదర్‌బోర్డు మీద పంపు కోసం కేటాయించిన పిన్నులకే కలిపి, బయాస్‌లో దాన్ని పూర్తి వేగంలో ఉంచండి. రంగురంగుల దీపాలకు, పంపు మీది చిన్న తెరకు అదనంగా ఇచ్చే డబ్బు ఒక్క డిగ్రీని కూడా తగ్గించదు.

విడిభాగాలు కొని పైపులు మీరే వేసుకునే ఆలోచన మాత్రం ఈ ప్రాసెసర్‌కు దండగ. ఆ దారిలో వెళ్లేవారు రాగి, అల్యూమినియం భాగాలను కలపకూడదు, మన బోరు నీళ్లు అసలే పోయకూడదు. మా ఇంట్లో బకెట్ల మీద కట్టే తెల్లటి పొర అందులోనూ కడుతుంది.

సీలు వేసిన కిట్లలో కూడా ద్రవం ఏళ్ల తరబడి గొట్టాల గుండా నెమ్మదిగా ఇంకిపోతుంది కాబట్టి, వారంటీ ఎన్నేళ్లో చూసి ఎంచుకోవాలి. ఆర్కిటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ కిట్లకు ఆరేళ్లు ఇస్తోంది, చాలా చౌక రకాలకు అంత ఉండదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొంటే రకాలు ఎక్కువ దొరుకుతాయి, కానీ వారంటీకి కూడా అక్కడికే వెళ్లాలా, కొరియర్‌లో పంపితే తీసుకుంటారా, నీరు కారి మదర్‌బోర్డు పాడైతే ఎవరు భరిస్తారు అన్నవి ముందే అడిగి, సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి.