డాకర్ సంగతి తర్వాత, ముందు రీస్టోర్ చేయడం నేర్చుకోండి

డిగ్రీ అయింది, సిస్టమ్ అడ్మిన్ అవుదామనుకుంటున్నాను, సర్వర్లు నడిపే టూల్స్‌లో డాకర్ ముందా, ఆన్సిబుల్ ముందా, లేక అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ముందా అని అడిగారు. నన్నడిగితే మూడూ తర్వాతే. మీరు తీసిన బ్యాకప్‌ను మీ చేత్తో ఇంకో మెషీన్‌లో రీస్టోర్ చేయడం, అంటే ఆ డేటాను మళ్లీ పనిచేసేలా నిలబెట్టడం, ముందు రావాలి. అది రానివాణ్ని నేనైతే ఉద్యోగంలోకి తీసుకోను.

2024 సెప్టెంబరులో నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీకి సిస్టమ్స్ చూసేవాణ్ని. గోడౌన్ సింగ్ నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోరు. ఒకటో తారీఖు ఆదివారం బుడమేరు వాగు ఊరి మీద పడింది. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే మోకాలి దాకా బురద, నాని విచ్చిపోయిన మందుల అట్టపెట్టెలు, టేబుల్ కింద బిల్లింగ్ సర్వరు. దాని పక్కనే బ్యాకప్ హార్డ్ డిస్కు, అదీ బురదలోనే.

అయినా నాకు టెన్షన్ లేదు. రోజూ రాత్రి పదకొండింటికి క్రాన్‌లో (టైముకు పనులు నడిపే ప్రోగ్రాము) మైఎస్‌క్యూఎల్‌డంప్ నడిచి డేటాబేస్ కాపీ తీసేది, అది జీజిప్‌తో చిన్న ఫైలయి, గవర్నర్‌పేట ఆఫీసుకు ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌లో వెళ్లిపోయేది. "బ్యాకప్ ఉందన్నావు కదా బాబూ?" అన్నారు ఓనరు గారు. "ఉందండీ, సాయంత్రానికి బిల్లింగ్ లేపేస్తాను" అన్నాను. ఫోల్డరు తెరిస్తే ఒక్క రోజు తప్పకుండా ఫైళ్లన్నీ ఉన్నాయి. సైజులు చూశాను. జులై మూడో వారం నుంచి ప్రతి ఫైలూ 20 బైట్లు.

జులైలో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, స్క్రిప్టులో మార్చలేదు. అప్పట్నుంచీ డంప్ ఫెయిలవుతూనే ఉంది. కానీ దాని వెనక పైపు (ఒక కమాండు ఇచ్చినదాన్ని తర్వాతి కమాండుకు అందించే గుర్తు) పెట్టి జీజిప్ ఉంది కదా, లోపలికి ఏమీ రాకపోయినా అది ఒక ఫైలు చేసి పెడుతుంది. ఖాళీ జీజిప్ సైజు సరిగ్గా 20 బైట్లు. లినక్స్‌లో కమాండ్లు నడిపే బాష్‌లో మామూలుగా పైప్‌లైను ఫలితమంటే చివరి కమాండు ఫలితమే. జీజిప్ పాసైంది కాబట్టి స్క్రిప్టూ పాసే. స్క్రిప్టు పైన 'సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్' (మధ్యలో ఏ కమాండు ఫెయిలైనా మొత్తం ఫెయిలే అనే లైను) రాసి, ఫెయిలైతే మెయిల్ వచ్చేలా పెట్టి ఉంటే ఆ రాత్రే తెలిసేది.

జులై దాకా ఉన్న డేటా వెనక్కి వచ్చింది. మిగతా ఆరు వారాలూ మెడికల్ షాపులకు వాట్సాప్‌లో పంపిన బిల్లుల పీడీఎఫ్‌లు ఏరి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీతో సహా మళ్లీ ఎక్కించాం. కౌంటరులో పనిచేసే అక్క వాళ్లింట్లోకీ నీళ్లొచ్చాయి. అయినా నాలుగు రాత్రులు నా పక్కన కూర్చుంది. "నేను చదువుతాను తమ్ముడూ, నువ్వు కొట్టు" అని.

ఇది చిన్న ఊళ్ల సమస్య అనుకోకండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ పొరపాటున డిలీటైనప్పుడు వాళ్ల డంప్ బ్యాకప్‌లూ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ ఉన్నాయని అప్పుడే బయటపడింది.

ఇన్‌స్టిట్యూట్‌ల మీద నా కోపం ఇక్కడే. 45 రోజుల కోర్సులో డాకర్‌ను దాటి కుబర్నెటిస్ అనే పెద్ద సర్వర్ టూల్ దాకా చెబుతారు, ఒక్క రోజు కూడా రీస్టోర్ చేయించరు. ఓనర్లూ అంతే. టెస్టుకు పాత మెషీన్ ఒకటి ఇవ్వండంటే దండగ ఖర్చంటారు, ప్రింటరులో పేపరు ఇరుక్కుంటే మాత్రం పరుగెత్తుకు రమ్మంటారు.

ఈ ఆదివారం మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రాము) వేసి రెండు లినక్స్ మెషీన్లు పెట్టండి. ఒకదాంట్లో డేటాబేస్ పెట్టి, బ్యాకప్ తీసి, దాన్ని రెండోదాంట్లోకి కాపీ చేసి, మొదటి మెషీన్‌ను డిలీట్ చేసేయండి. రెండోదాంట్లో నిలబెట్టండి. చివరి రికార్డు వచ్చిందా, ఎంతసేపు పట్టింది, రాసి పెట్టుకోండి. అది అయ్యాక డాకర్ గురించి అడగండి, చెబుతాను.