ముందు నలుగురు, తర్వాత శిక్షణ

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, కుందేలు కథ రెండూ అందాయి. పిల్లల కథలు రాయడం నేర్పే శిక్షణ తరగతిలో చేరాలా, నీలాగే రాస్తున్న నలుగురితో కలిసి కూర్చుంటే చాలా అని అడిగావు. ముందు ఆ నలుగురినీ వెతుక్కో. తరగతి సంగతి తర్వాత.

పిల్లల కోసం రాసేవాళ్లకి ఒక చిక్కుంది. మన పాఠకుడు విమర్శ రాసి పంపడు. నచ్చకపోతే పుస్తకం పక్కన పడేసి ఆటకి పోతాడు. ఇంట్లోవాళ్లేమో ఏం రాసినా భలే ఉందంటారు. కథ ఎక్కడ జారిందో చెప్పే మనిషి ఈ రెండు వైపులా దొరకడు. సాటి రచయితలు పనికొచ్చేది అక్కడే.

ముగ్గురో నలుగురో చాలు, కానీ అందరూ పిల్లలకే రాస్తూ ఉండాలి. పెద్దల కథలు రాసేవాళ్లు నీ కథలో లోతు లేదంటారు, దాంతో నువ్వు కంగారుపడి నాలుగు పేరాల వర్ణన చేరుస్తావు. మీరు కూర్చున్నప్పుడు నీ కథ నువ్వు చదవకు, ఇంకొకరి చేత బయటికి చదివించు. నువ్వు చదివితే కాగితం మీద లేని భావం కూడా నీ గొంతు పూరించేస్తుంది. ఇంకొకరు తడబడిన చోట రేపు ఏ అమ్మో, టీచరో కూడా తడబడతారు. అక్కడ గుర్తు పెట్టుకో. మధ్యలో 'నా ఉద్దేశం ఏంటంటే' అని మొదలుపెట్టకు. పుస్తకం వెంట నువ్వు ప్రతి ఇంటికీ వెళ్లి ఉద్దేశం చెప్పలేవు కదా!

'ఇలా మార్చు' అన్న సలహాని చెవిన వేసుకో, అంతే. 'ఇక్కడ నా ధ్యాస పోయింది' అంటే మాత్రం రాసుకో. ఎక్కడ నొప్పో చదివినవాళ్లకి బాగానే తెలుస్తుంది, మందు మాత్రం నువ్వే వెతుక్కోవాలి.

అసలు లాభం ఇంకోటుంది. ఎదుటివాళ్ల చిత్తుప్రతులు చదవడం. కథలో పిల్లవాడు చిక్కులో పడగానే తాతగారు వచ్చి విప్పేస్తే, అది ఇంకొకరి కథైతే నీకు ఠక్కున కనిపిస్తుంది. నీ కుందేలు కథలో ముసలి తాబేలు చేసింది కూడా అదే పని, కానీ అది నీకు కనబడలేదు. అలాగే చివరి వాక్యంలో నీతి, ఆరేళ్ల పిల్లాడి నోట 'పిమ్మట', అప్పుడే గుణింతాలు దాటినవాళ్లకి రాసిన పేజీలో వరసగా సంయుక్తాక్షరాలు. ఇలాంటివి పక్కవాళ్ల కాగితాల్లో నాలుగుసార్లు చూశాక నీ కాగితంలో దాక్కోలేవు.

అయితే గుంపు మాటని తీర్పనుకోకు. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్, సి.ఎస్. లూయిస్ అనే ఇద్దరు రచయితలు ఒకరి రాతలు ఒకరికి చదివి వినిపించుకునేవారు. తన రాతలు సొంత సరదా మాత్రమే కాదన్న నమ్మకం చాలాకాలం లూయిస్ ఒక్కడే ఇచ్చాడని టోల్కీన్ తర్వాత రాసుకున్నాడు. అదే టోల్కీన్‌కి 1949లో లూయిస్ పిల్లల కోసం రాస్తున్న తన నార్నియా కథ మొదటి అధ్యాయాలు వినిపిస్తే నచ్చలేదు. లూయిస్ డీలాపడ్డాడు. రోజర్ లాన్సలిన్ గ్రీన్ అనే ఇంకో మిత్రుడు విని బాగుంది, రాయమన్నాడు. ఒకే మిత్రుడి అభిరుచి మీద ఆధారపడితే ఆ కథ ఏమయ్యేదో! నలుగురు అన్నది అందుకే.

పిల్లలకీ వినిపించు, కానీ 'నచ్చిందా' అని అడగకు. మర్యాదకి నచ్చిందనేస్తారు. ఎక్కడ దిక్కులు చూశారో, ఎక్కడ 'తర్వాత?' అన్నారో గమనించు. 1936లో టోల్కీన్ పిల్లల నవల 'హాబిట్' రాతప్రతిని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చాడు. చదివి అభిప్రాయం రాసిచ్చినందుకు ఫీజు ఒక షిల్లింగ్, అంటే అప్పటి ఇంగ్లండ్ చిల్లర నాణెం. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలందరికీ నచ్చుతుందని రేనర్ రాసిచ్చాడు. తనకి పదేళ్లు కదా, పుస్తకం తనకంటే చిన్నవాళ్లకట! పిల్లలు అంతే, వాళ్ల మాటలోంచి ఆ కాస్త గొప్పని తీసేసి వినాలి.

ఇక శిక్షణ. మీ నలుగురూ కొత్తవాళ్లే కాబట్టి నలుగురికీ తెలియనివి కొన్ని ఉంటాయి. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, ఎందుకంటే అచ్చు కాగితం మడతలు ఎనిమిదులు, పదహారుల లెక్కలో వస్తాయి. శీర్షిక, ప్రచురణ వివరాలు పోగా కథకి 12 నుంచి 14 జంట పేజీలు, అంటే పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండేసి పేజీలు, మిగులుతాయి. ఏ వాక్యం దగ్గర పేజీ తిప్పించాలి, బొమ్మలో కనిపించే ఎర్ర గౌనుని మాటల్లో మళ్లీ ఎందుకు చెప్పకూడదు, ఖాళీ కాగితాలు కుట్టి నమూనా పుస్తకం ఎలా చేసుకోవాలి, ఇవన్నీ తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చూపిస్తే ఒక మధ్యాహ్నంలో అర్థమవుతాయి. లేకపోతే ఏళ్లు పడుతుంది.

చేరే ముందు రెండు విషయాలు కనుక్కో. చెప్పేవాళ్లు పిల్లల పుస్తకాల మీద నిజంగా పనిచేశారా? నీ కాగితాల మీద గుర్తులు పెట్టి తిరిగిస్తారా, ఉపన్యాసంతో సరిపెడతారా? పుస్తకం అచ్చు వేయిస్తామని ముందే హామీ ఇచ్చేచోట ఒక్క రూపాయి కూడా కట్టకు.

ఆశీస్సులతో.