ముందు పర్సు దాచుకో చెల్లీ, తర్వాత తోటకూర పెంచుకుందువుగాని

గుంటూరు నుంచి అమెరికా వచ్చి నాలుగు నెలలే అంటున్నావు, అపార్ట్‌మెంట్లో హైడ్రోపోనిక్స్‌తో, అంటే మట్టి లేకుండా ఎరువు నీళ్ళలో, ఆకుకూరలు వస్తాయా అక్కా, ఏ కిట్ కొనాలి అని అడిగావు. వస్తాయి. కిట్ మాత్రం కొనకు, ఎందుకంటే నేను కొన్నా.

2014లో మినియాపాలిస్ వచ్చా. మాది విజయవాడ పటమట, రైతుబజారుకి నడిచెళ్ళే దూరం, తోటకూర ఎంతకి కొంటున్నామో కూడా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడ స్టోర్లో వాడిపోయిన గోంగూర కట్ట 3.99 డాలర్లు అని చూసి అక్కడే నిలబడి అప్పటి డాలరు రేటు అరవైతో గుణించా, 240 రూపాయలు! నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే, నాకు తెలుసులే. ఆ ఉక్రోషంతో ఇంటికొచ్చి 130 డాలర్లు పెట్టి లైటూ మోటారూ ఉన్న కిట్ ఆర్డర్ పెట్టేశా. పట్టేవి ఆరు మొక్కలు. మా ఆయన మొదటి కోత అరచేతిలో పెట్టుకుని "ఇది పప్పులోకా, పోపులోకా?" అన్నారు.

తర్వాత తెలిసింది, హవాయి యూనివర్సిటీలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఆయన చెప్పిన పద్ధతి ఉందని, మోటారే అక్కర్లేదు. మూతున్న ప్లాస్టిక్ టబ్బు, మూతకి చిల్లులు, వాటిలో జల్లెడ కప్పులు, కప్పు అడుగు తడిసేదాకా నీళ్ళు, అంతే. మొక్క తాగేకొద్దీ నీళ్ళు కిందకి దిగుతాయి, పై వేళ్ళకి గాలి తగులుతుంది, కిటుకంతా అదే. నేనేమో అయ్యో తగ్గిపోయాయని తులసికోటకి పోసినట్టు రోజూ నిండా పోసేదాన్ని, వారంలో వేళ్ళు గోధుమరంగుకి తిరిగి జిగురొచ్చి కుళ్ళాయి. టబ్బులోకి వెలుతురు పడితే పాచి పడుతుంది, అదీ చూసుకో.

ఎరువు దగ్గర నా తెలివి ఇంకా ఘనం. మూడు పొడులూ ఒకే గ్లాసులో వేసి కలిపా, అడుగున సున్నంలా తెల్లగా పేరుకుపోయింది. చిక్కటి నీళ్ళలో కాల్షియం పోయి సల్ఫేట్, ఫాస్ఫేట్‌లతో గడ్డకడుతుందట, ఇక మొక్కకి అందదు, ఆ రోజు పొడి ఖరీదు సింకులో పోయింది. 10 లీటర్ల నీళ్ళలో 4-18-38 ఎరువు పొడి (ఆ అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) 6 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 3 గ్రాములు ముందు కరిగించు, 6 గ్రాముల కాల్షియం నైట్రేట్ వేరే మగ్గులో కరిగించి చివర్లో పొయ్యి. పీహెచ్, అంటే నీళ్ళ పులుపు కొలత, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, చుక్కల టెస్ట్ కిట్ చాలు, మీటర్లకి డబ్బులు తగలెయ్యకు.

ఇంట్లో మొక్కల పైన వేసే లైటుకి కరెంటు బిల్లని భయపడకు. 40 వాట్ల ఎల్‌ఈడీ రోజుకి 16 గంటలు వేస్తే నెలకి 19 యూనిట్లు, మా రేటుకి మూడు డాలర్లు, అంటే కట్ట గోంగూర కన్నా తక్కువ.

విత్తనాలు అమ్మ చేత సూట్‌కేసులో తెప్పించకు, రూల్స్ ఉన్నాయి, కస్టమ్స్ సైట్లో చూసుకో. వంటింట్లో మెంతులతో మొదలుపెట్టు, మూడు నాలుగు వారాల్లో కోసుకుంటావు. తర్వాత తోటకూర, కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. ధనియాలైతే రెండుగా నలిపి వెయ్యి, మొలవడానికి పది రోజులైనా పట్టొచ్చు, కంగారుపడి తవ్వి చూడకు.

గోంగూర జోలికి మాత్రం ఈ చలికాలం పోకు. మనిషెత్తు పెరిగేది, వెచ్చదనం కావాలి. ఒక ఏడాది నేను పంతానికి హీటర్ పెంచి మరీ పెంచా, ఒక్క సీసా పచ్చడయింది. గ్యాస్ బిల్లు వచ్చిన రోజు మా ఆయన ఏమీ అనలేదు, ఆ సీసా మూత మీద మార్కర్‌తో 86 డాలర్లు అని రాసి ఫ్రిజ్‌లో పెట్టేశారు.